మూడో రింగు

పోయిన సంక్రాంతికి ఊరికి పోతూ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీకి ఆగాం. హైవే దిగి సర్వీసు రోడ్డులోకి తిప్పుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. చిక్కబళ్ళాపురం దాటాక ఒక మలుపులో కూడా ఇలాగే వెలిగినట్టు అనిపించింది గానీ, ఎండ పడి అలా కనిపించిందేమోలే అనుకున్నాను. ఈసారి అలా సరిపెట్టుకోలేకపోయాను. బండిని చదునుగా ఉన్నచోట ఆపి, పది నిమిషాలు ఆగి, బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగాను. గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి లాగాను. పుల్ల కొసకు కూడా ఆయిల్ అంటలేదు.

పక్కనున్న బంకులో రెండు లీటర్ల ఆయిల్ కొని, కొంచెం కొంచెంగా పోస్తూ, ఆగి చూస్తూ, మళ్ళీ పోశాను. పైగీత దాకా రావడానికి లీటరూ ముప్పావు పట్టింది. ఆ ఇంజిన్లో పట్టేదే మూడు లీటర్ల చిల్లర. అంటే సగానికి పైగా ఆయిల్ ఎటో పోయింది. ఇంటి దగ్గర పార్కింగులో కింద మరక పడలేదు. వెనక పొగ కనిపించలేదు. మైలేజీ తగ్గలేదు. సెకండ్ హ్యాండులో ఈ బండి తీసుకుని అప్పటికి నాలుగు నెలలు, కొన్న వారంలోనే ఆయిలూ ఫిల్టరూ మార్పించాను. అప్పట్నుంచి తిరిగింది 3,900 కిలోమీటర్లు.

ఆ ఎర్ర లైటు గురించి మనలో చాలామందికి ఒక అపోహ ఉంది, నాకూ ఉండేది. ఆయిల్ తగ్గితే అది వెలుగుతుందని. అది ఆయిల్ ఎంతుందో చూడదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందా లేదా అన్నది మాత్రమే చూస్తుంది. ఆరోజు మలుపు తిరిగినప్పుడు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్లో మిగిలిన కాస్త ఆయిల్ ఒక పక్కకు ఒరిగింది, పంపు నోటికి ఒక్క క్షణం గాలి తగిలింది, లైటు వెలిగింది. అప్పటికే బేరింగులు ఎండినట్టే. కొన్ని ఖరీదైన బండ్లలో మట్టం చూసే సెన్సర్ వేరే ఉంటుంది. మామూలు బండ్లలో ఆయిల్ మట్టం చెప్పేది ఆ పుల్ల ఒక్కటే.

ఆ తర్వాత బెంగళూరులో ఈ బండితో పడిన నాలుగు నెలల తిప్పల్లో నాకు రెండే మాటలు వినిపించాయి. ఒకటి, "కామన్ సార్." రెండోది, "ఇంజిన్ బోరుకొచ్చింది సార్." మొదటి మాట ఏమీ చేయొద్దని చెబుతుంది, రెండోది సిలిండర్ గోడలు అరిగిపోయాయి, అంతా మార్చేయమని చెబుతుంది. రెండిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, కొలవడం. ఆ పని రెండుచోట్లా ఎవరూ చేయలేదు.

మొదట పోయింది పెద్ద సర్వీసు సెంటరుకు. కౌంటరు దగ్గరి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "ఎల్లా గాడిగూ ఇరుత్తె (అన్ని బండ్లకూ ఉంటుంది) సార్, 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా లిమిట్‌లోనే" అన్నాడు. అతను కల్పించి చెప్పలేదు. కొన్ని కంపెనీల మాన్యువళ్ళలో అలాంటి అంకె నిజంగానే ఉంటుంది. ఇంజిన్ అన్నాక కొంత ఆయిల్ కాలుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. సిలిండర్ గోడ మీద పల్చటి ఆయిల్ పొర లేకపోతే, లోపల కిందా మీదా ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఒక్కరోజు కూడా బతకవు. ఆ పొరలో కొంచెం ప్రతి మంటలోనూ కాలక తప్పదు. నేను ఒప్పుకోనిది ఆ అంకెను ఆ సర్వీసు పట్టిక పక్కన పెట్టి చూడకపోవడాన్ని. 1000 కిలోమీటర్లకు అర లీటరు అంటే 10,000 కిలోమీటర్లకు ఐదు లీటర్లు. నా ఇంజిన్లో పట్టేది మూడు లీటర్ల చిల్లర. తర్వాతి ఆయిల్ మార్పు 10,000 దగ్గర రమ్మని స్టిక్కరు అంటించి పంపేదీ వాళ్ళే. లిమిట్‌లోనే ఉంది కదా అని నమ్మి స్టిక్కరు ప్రకారం పోయినవాడి ఇంజిన్ ఆరేడు వేల దగ్గరే ఎండిపోతుంది. ఇది మామూలే అని చెప్పినప్పుడు, అయితే ప్రతి 1000కి చూసి పోసుకోండి అని కూడా చెప్పాలి కదా. ఆ రెండో సగం నాకు ఎవరూ చెప్పలేదు. బానెట్ కూడా ఎత్తకుండా పంపారు.

రెండోది మా ఇంటి దగ్గర హొరమావులో ఒక గ్యారేజీ. అక్కడ బండి స్టార్టు చేసి రెండుసార్లు రేజ్ ఇచ్చి, సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి మసి చూసి, బోరుకొచ్చిందన్నారు. ఇంజిన్ దించాలి, సిలిండర్ గోడల్ని తొలిపించి రీబోర్ చేయించాలి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి, 85 వేలు అవుతుంది. ఒక్క స్పార్క్ ప్లగ్ కూడా విప్పలేదు. "50,000 కూడా తిరగని బండి బోరుకెలా వస్తుంది?" అని అడిగితే, "మీటరు తిప్పుంటారు సార్" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీటరు తిప్పిన బండి అంటగట్టారేమో, ఇంటివాళ్ళను ఎక్కించుకుని ఇన్నాళ్ళూ దీన్లోనే తిరుగుతున్నానే అన్న దిగులు.

మర్నాడే ఒక నోటుబుక్కు తీశాను. మా అపార్టుమెంటు బేస్‌మెంటులో చదునుగా ఉండే ఒకే చోట, పొద్దున బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చూడటం. పైగీతకు సరిగ్గా నింపి, కిలోమీటర్లు రాసుకోవడం. ప్రతి 500కి ఎంత పోస్తే మళ్ళీ ఆ గీతకు వస్తుందో, ఆయిల్ డబ్బా పక్కనుండే మిల్లీలీటర్ల గీతలు చూసి రాయడం. 2,000 కిలోమీటర్లు ఇలా రాశాక లెక్క తేలింది, 1000కి 450 మిల్లీలీటర్లు. అందులోనూ ఒక తేడా కనిపించింది. ఆఫీసుకు మాత్రమే తిరిగిన వారాల్లో ఎక్కువ తాగింది. అనంతపురం పోయొచ్చిన వారంలో, ఒక్కసారిగా 430 కిలోమీటర్లు తిరిగినా, తక్కువ తాగింది. ఈ తేడా ఏ గ్యారేజీ వాడూ కనుక్కోలేడు, బండి రోజూ నడిపేవాడికే తెలుస్తుంది.

ఆ నోటుబుక్కు పట్టుకుని విల్సన్ గార్డెన్‌లో ఒక మదనపల్లె ఆయన దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్ళుగా బెంగళూరులో ఇంజిన్ పనే చేస్తున్నాడు. ఆఫీసులో నెల్లూరు స్నేహితుడొకడు చెప్పి పంపాడు. ఆయన నా మాటలకన్నా ముందు నోటుబుక్కు చదివాడు, పేజీ పేజీ తిప్పి. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి కంప్రెషన్ మీటరు పెట్టాడు. 172, 168, 170, 171 పీఎస్ఐ. పెట్రోలు ఇంజిన్‌కు చాలా మంచి అంకెలు, పైగా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. నాకు ఊపిరి ఆడింది. "అయితే రింగులు బాగున్నట్టే కదన్నా?" అన్నాను.

"పై రెండూ బాగుండాయి సార్" అన్నాడు. "మూడోదాని సంగతి ఈ మీటరు చెప్పదు."

నేను ఇంత రాయడానికి కారణం ఆ మాట. పిస్టన్ చుట్టూ మూడు గాడులు, మూడు రింగులు. మొదటిది మంట పుట్టించిన గ్యాసును ఆపుతుంది. ఆ గ్యాసే రింగు వెనక్కి దూరి దాన్ని గోడకు నొక్కి పెడుతుంది, అంటే ఇంజిన్ ఎంత గట్టిగా లాగితే ఆ రింగు అంత గట్టిగా అతుక్కుంటుంది. ఒక చోట తెగి, తన స్ప్రింగు బలంతోనే గోడకు ఆనుకునే ఈ రింగు 1850లలో రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లీషు రైల్వే ఇంజనీరు చేసిన పని. ఆవిరి ఇంజిన్ల కోసం చేసింది ఇప్పటికీ మన కార్లలో తిరుగుతోంది. రెండో రింగు గ్యాసునూ కొంత ఆపుతుంది, ఆయిల్‌నూ కొంత కిందికి గీకుతుంది. మూడోది పూర్తిగా ఆయిల్ కోసమే. పైనా కిందా బ్లేడులాంటి రెండు పల్చటి రేకులు, మధ్యలో అలలు అలలుగా వంచిన స్ప్రింగు. గోడ మీది ఆయిల్‌ను గీకి, గాడి వెనకనున్న సన్నటి రంధ్రాల్లోంచి ఛాంబర్లోకి దింపేయడం దాని పని. కంప్రెషన్ మీటరు కొలిచేది గ్యాసు ఎంత నిలుస్తుందో. మూడో రింగు గ్యాసును ఆపదు. కాబట్టి అది మొత్తంగా చచ్చిపోయినా మీటరు 170 చూపిస్తుంది. కంప్రెషన్ బాగుంది గనక రింగులు బాగున్నాయి అనేవాళ్ళు, ఆయిల్ తాగుతోంది గనక బోరుకొచ్చింది అనేవాళ్ళు, ఇద్దరూ మూడు వేర్వేరు రింగుల్ని ఒకే రింగుగా చూస్తున్నారు.

మరి పైనున్న వాల్వుల వెంట ఆయిల్ సిలిండర్లోకి కారకుండా ఆపే వాల్వు సీళ్ళయితే? ఆ అనుమానం నాకూ వచ్చింది, అవి మార్చడం తక్కువ ఖర్చు కూడా. వాల్వు సీళ్ళు పోతే రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్టు చేయగానే, లేదా సిగ్నల్లో చాలాసేపు ఆగి కదిలించగానే ఒక గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతుందట. మా బండికి అదీ లేదు. పొగ లేకపోవడం గురించి ఆయన్ని అడిగితే, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ ఇంకా మంచిగా ఉన్నప్పుడు ఈమాత్రం ఆయిల్‌కు కంటికి కనిపించేంత పొగ రాదన్నాడు. ఇలాగే వదిలేస్తే ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్, జింకు ఆ కన్వర్టర్ లోపల పూతలా పేరుకుని దాన్ని చంపుతాయి. ఆ ఒక్క సామాను ఖరీదు ఈ రిపేరు మొత్తాన్ని మించిపోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటే, పెట్రోలు బండికి అక్కడ చూసేది కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు. ఆయిల్ ఎంత కాలుతోందో ఆ కాగితంలో ఉండదు.

ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపి ఫోన్లో చూపించాడు. పిస్టన్ తల నిండా నల్లటి మసి. అంచు చుట్టూ మాత్రం వేలెడు వెడల్పున శుభ్రంగా, కడిగినట్టుగా, తడి మెరుపుతో ఉంది. "చూడండి సార్, కింద నుంచి ఆయిల్ వచ్చి అంచు కడగతా ఉండాది. పైనించి పడుంటే నడిమధ్యన తడి ఉండాల." అంతే, వాల్వు సీళ్ళ అనుమానం పోయింది. నాలుగు నెలలు నేను మాటలు విన్న సంగతి నాలుగు నిమిషాల్లో కళ్ళతో చూశాను.

వెంటనే ఇంజిన్ విప్పుదామని ఆయన అనలేదు. ముందు కార్బన్ కరిగించే ద్రావకం ప్లగ్గు రంధ్రాల్లోంచి పిస్టన్ల మీద పోసి రాత్రంతా నాననిచ్చాడు. మధ్యమధ్య పిస్టన్లను ఆడించే క్రాంకును చేత్తో కాస్త తిప్పాడు. పొద్దున ప్లగ్గులు బిగించకముందే సెల్ఫ్ కొట్టి మిగిలిన ద్రవాన్ని బయటికి చిమ్మించి, ఆయిల్ మొత్తం మార్చాడు. ఇది ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్ళు ఆ చిమ్మించే సంగతి గుర్తుపెట్టుకోండి. ద్రవం నిండిన సిలిండర్‌ను ప్లగ్గు బిగించి తిప్పితే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రెండుసార్లు చేశాక 450 కాస్తా 300కి దిగింది. ఇంకో 1,500 కిలోమీటర్లు చూశాం, అక్కడే నిలబడింది. అప్పుడు విప్పుదామన్నాడు.

ఆ రోజు సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను. ఇంజిన్ దించలేదు. పైన హెడ్ ఎత్తి, కింద ఛాంబర్ విప్పి, పిస్టన్లను ఒక్కొక్కటే పైకి తోసి తీశాడు. మొదటి పిస్టన్ నా చేతికిచ్చాడు. మొదటి రింగు వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ బయటికి వచ్చింది. రెండోదీ అంతే. మూడోదాన్ని బొటనవేలితో ఎంత నొక్కినా కదల్లేదు. రెండు రేకులూ, మధ్య స్ప్రింగూ, గాడీ అన్నీ కలిసి తారు పోసి గట్టిపడినట్టు ఒకే ముద్దయ్యాయి. స్ప్రింగు అలల మధ్య ఖాళీ అంటూ లేదు. చిన్న స్క్రూడ్రైవరుతో రేకును లేపితే పెంకులు పెంకులుగా నల్లటి కార్బన్ రాలింది, రింగు మాత్రం ముక్కలుగానే వచ్చింది. దాని వెనక ఆయిల్ దిగాల్సిన రంధ్రాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. గోరుతో గీరితే ఒకచోట చిన్న చుక్కలాంటి గుంట తగిలింది, అదే రంధ్రం.

"ఇది అరిగిండేది కాదు సార్. ఇరుక్కోనుండాది" అన్నాడు.

సిలిండర్ లోపల టార్చి వేసి చూపించాడు. ఫ్యాక్టరీలో గోడకు హోనింగ్ చేసినప్పుడు, అంటే సాన పట్టినప్పుడు పడిన అడ్డగీతలు, గుణకారం గుర్తుల్లాంటివి, అలాగే ఉన్నాయి. గోడ ఎక్కువగా అరిగేది పైభాగంలో, మొదటి రింగు ఆగి వెనక్కి తిరిగే చోట. అక్కడ ఒక్క క్షణం రింగు కదలిక సున్నా అవుతుంది, వేడి ఎక్కువ, ఆయిల్ పొర నిలవదు. నిజంగా బోరుకొచ్చిన ఇంజిన్లో అక్కడ గోటికి తగిలేంత మెట్టు ఏర్పడుతుంది. నేను గోరు పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. అయినా ఆయన తృప్తిపడక బోరింగ్ షాపు నుంచి డయల్ గేజ్ తెప్పించి పైనా మధ్యా కిందా కొలిచాడు. తేడా మిల్లీమీటరులో వందో వంతుకు రెండింతలు. రీబోర్ అవసరమే లేదు. మీటరు ఎవరూ తిప్పలేదు. హొరమావు మాట విని ఉంటే చక్కగా ఉన్న నాలుగు సిలిండర్ల గోడల్ని తొలిపించి, మంచి పిస్టన్లు నాలుగు పారేయించేవాణ్ణి.

జేసీ రోడ్డుకు ఇద్దరం పోయి రింగుల సెట్టు, గ్యాస్కెట్ కిట్టు, కనెక్టింగ్ రాడ్ల అడుగున ఉండే బిగ్ ఎండ్ బేరింగులు తెచ్చాం. సంక్రాంతినాడు ఆయిల్ లేకుండా పరుగెత్తిన గుర్తులు బేరింగుల మీద సన్నటి గీతలుగా కనిపించాయి, అవి మార్చక తప్పలేదు. రింగుల సెట్టు ఖరీదు 2,650 రూపాయలు. ఈ ఊళ్ళోనే యెలహంకలో గోట్జె వాళ్ళ రింగుల ఫ్యాక్టరీ ఉంది, రింగులు తయారయ్యే ఊళ్ళో వాటి గురించి ఇంత తక్కువ తెలిసి బతుకుతున్నామే అనిపించింది. తిరిగొచ్చాక ఆయన పాత మొదటి రింగును రెండుగా విరిచి, ఆ విరిగిన కొసతో గాడుల్లోని కార్బన్ గీకాడు. గాడి కొలతకు సరిగ్గా సరిపోయే పనిముట్టు అదే, గాడి అంచు దెబ్బతినదు. రంధ్రాలను సన్నటి డ్రిల్ బిట్టును మెషీనుకు పెట్టకుండా వేళ్ళతో తిప్పుతూ తెరిచాడు. ఒక్క పిస్టన్‌కు గంట పట్టింది. కొత్త రింగును సిలిండర్లో పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూశాడు. మిల్లీమీటరులో పావు వంతు. ఎక్కించేటప్పుడు మూడు రింగుల సందులూ ఒకే వరుసలో రాకుండా తిప్పి పెట్టాడు. అన్నీ కలిపి 34 వేలు అయింది.

ఇక అసలు ప్రశ్న. 50,000 తిరగని బండిలో మూడో రింగు ఎందుకు ఇరుక్కుంది?

పాత యజమాని ఇచ్చిన సర్వీసు బిల్లులు ఇంట్లో బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. 8 ఏళ్ళు, 46,000 కిలోమీటర్లు, ఆయిల్ మార్పులు నాలుగే నాలుగు. ఆయన అశ్రద్ధ మనిషి కాదు, ప్రతి బిల్లూ వరసగా ఫైలు చేసి పెట్టుకున్నవాడు. 10,000కి మార్చాలన్నారు గనక 10,000 దాటేదాకా ఆగాడు, దానికి ప్రతిసారీ రెండేళ్ళు పట్టింది. మాన్యువల్లో 10,000 పక్కనే "లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని ఉంటుంది. అది ఆయన కంట పడలేదు.

నా బండి ట్రిప్ మీటరులో సగటు వేగం చూస్తే గంటకు 15 కిలోమీటర్లు. హొరమావు నుంచి బెళ్ళందూరు దాకా, టిన్ ఫ్యాక్టరీ, మారతహళ్ళి మీదుగా, పొద్దునా సాయంత్రం ఇదే. గంటకు 15 అంటే 10,000 కిలోమీటర్లు తిరగడానికి ఇంజిన్ దాదాపు 670 గంటలు నడవాలి. హైవేలో సగటున 60తో పోయేవాడికి అదే 10,000 కిలోమీటర్లకు 170 గంటలు చాలు. ఇద్దరికీ ఒకే స్టిక్కరు. మా బావ కదిరి నుంచి అనంతపురానికి రోజూ పోయొస్తాడు. ఆయనదీ ఇదే ఇంజిన్. "ఏమప్పా, నాది లక్షా నలభై వేలయింది, చుక్క తాగదు, నీది యాభైకే ఎట్ల పోయె?" అని ఫోన్లో అడిగాడు. లెక్క వేసి చెప్పాను. ఆయన సగటు గంటకు 50 వేసుకున్నా, లక్షా నలభై వేలకు 2,800 గంటలు. నా బండి 46,000కు 3,000 గంటలు దాటింది. కిలోమీటర్లలో మూడో వంతు ఉన్న నా బండే గంటల్లో ముసలిది.

గంటలు ఒక్కటే కాదు, ఆ గంటలు ఎలా గడిచాయన్నది కూడా. సిగ్నల్లో ఆగినప్పుడు పెట్రోలు ఇంజిన్లోకి గాలిని వదిలే థ్రాటిల్ మూసుకుని, సిలిండర్లో పీల్పు పెరుగుతుంది. ఆ పీల్పుకు ఆయిల్ రింగుల సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. మంట బలం తక్కువ గనక మొదటి రింగును వెనక నుంచి నొక్కే గ్యాసు కూడా తక్కువ. పిల్లల్ని బడి దగ్గర దించి రెండు కిలోమీటర్లకే ఆపేస్తే ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, అందులో కలిసిన పెట్రోలూ నీటి ఆవిరీ ఆరిపోవు. కార్బన్‌ను కరిగించి తనలో మోసుకుపోయే మందులు ఆయిల్లో ఉంటాయి, రెండేళ్ళకు వాటి సత్తా అయిపోతుంది. ఆపేసిన ఇంజిన్లో పిస్టన్ వేడికి మూడో రింగు చుట్టూ నిలిచిన ఆయిల్ మాడి అక్కడే అంటుకుంటుంది. ఇలా పొరమీద పొర. పైగా ఇప్పటి ఇంజిన్లలో మైలేజీ కోసం రింగుల స్ప్రింగు బలాన్ని తగ్గించారు, కొంచెం మసి పట్టినా తోసుకుని బయటికి వచ్చే బలం వాటికి లేదు. సంవత్సరానికి ఆరు వేలు కూడా తిరగని బెంగళూరు బండికి అంత త్వరగా ఆయిల్ మార్పు ఎందుకు అనేవాళ్ళకు నా జవాబు, సరిగ్గా అందుకే మార్చాలి అని. చాలా మాన్యువళ్ళలో కఠినమైన పరిస్థితులకు వేరే పట్టిక ఉంటుంది. దగ్గరి ప్రయాణాలు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, దుమ్ము. బెంగళూరులో రోజూ ఆఫీసుకు పోయే ప్రతి బండీ దాని కిందికే వస్తుంది. సర్వీసు స్టిక్కరు మీద మాత్రం మామూలు పట్టిక అంకే ఉంటుంది.

తప్పంతా వాడేవాళ్ళదేనని కూడా నేను అనను. అమెరికాలో టొయోటా అంతటి కంపెనీ అమ్మిన 2007–2009 మోడల్ క్యామ్రీల్లో, 2ఏజెడ్-ఎఫ్ఈ అనే 2.4 లీటర్ల ఇంజిన్ ఆయిల్ తాగుతోందని గొడవయింది. చివరికి కంపెనీ వారంటీ పొడిగించి పిస్టన్లూ రింగులూ మార్చి ఇచ్చింది. అక్కడ ఎవరికి మార్చాలో తేల్చిన పద్ధతి నాకు నచ్చింది. ఆయిల్ నింపి పంపి, 1,200 మైళ్ళు తిప్పించి, ఒక క్వార్టు కన్నా ఎక్కువ తాగితే మార్చడం. మన లెక్కలో దాదాపు 1,930 కిలోమీటర్లకు 950 మిల్లీలీటర్లు. నా నోటుబుక్కులో నేను చేసింది కూడా అదే పని. అది ఇక్కడి సర్వీసు సెంటర్లలో ఎందుకు చేయరు? ఖర్చు ఏముంది, ఒక పుల్ల, ఒక పేజీ.

నిజంగా బోరుకొచ్చే ఇంజిన్లు లేవని కాదు. నన్ను విల్సన్ గార్డెన్‌కు పంపిన నెల్లూరు స్నేహితుడి బండి అలాంటిదే. సర్జాపూర్ రోడ్డులో ఉంటాడు, చుట్టూ ఎప్పుడూ ఏదో కట్టుబడి జరుగుతూ ఎర్రమట్టి లేస్తూ ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పు విరిగితే ఎవరో తీగతో కట్టి వదిలేశారు. ఫిల్టరేమో కొత్తది కొనకుండా ప్రతిసారీ కంప్రెసర్ గాలి కొట్టి పెట్టేవాళ్ళు. పక్కల నుంచి దూరిన మట్టి రెండేళ్ళలో గోడల్ని సాన పట్టేసింది. వాళ్ళ కంప్రెషన్ రెండు సిలిండర్లలో 110కి పడింది, ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 150కి లేచింది. పోసిన ఆయిల్ రింగు సందును తాత్కాలికంగా మూసింది గనకే లేచింది, అంటే అరిగింది అక్కడే. అతనికి రీబోర్ తప్పలేదు, అది సరైన పనే. ఆ మాట అనడానికి ముందు మీటరు పెట్టారు, చెంచా ఆయిల్ పోశారు, గేజ్ దింపారు.

అలాగే చిక్కటి ఆయిల్ పోసి సరిపెట్టుకొమ్మని సలహాలొస్తాయి. మాన్యువల్లో అనుమతించిన వాటిలోనే ఒక మెట్టు చిక్కనిది వాడటం వరకు నాకు అభ్యంతరం లేదు. పాతకాలం బండ్ల చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ తెచ్చి కొత్తతరం ఇంజిన్లో పోయడం మాత్రం వద్దు. వాల్వులు తెరుచుకునే వేళను సర్దే సన్నటి ఆయిల్ దారుల్లో అది సమయానికి అందదు. మాల్ పార్కింగుల్లో చేసే డీకార్బన్ ప్యాకేజీలు మంట గదిని కొంత శుభ్రం చేస్తాయేమో గానీ, మూడో రింగు దాకా పోవు.

రింగులు మార్చి ఏడు నెలలైంది, 6,200 కిలోమీటర్లు తిరిగింది. మొదటి వెయ్యిలో రింగులు కుదురుకునేదాకా 150 మిల్లీలీటర్లు తాగింది. వెయ్యికి ఆయిల్ మార్చాం. ఆ తర్వాత మొత్తం కలిపి పోసింది 200. ఇప్పుడు ఆరు నెలలకు లేదా 5,000కు, ఏది ముందైతే అప్పుడు మారుస్తున్నాను. ఆదివారం పొద్దున డిప్‌స్టిక్ లాగడం మా అమ్మాయి పని అయింది. గీత ఎక్కడుందో తనే చూసి బుక్కులో రాస్తుంది.

పోయినవారం మా పై అంతస్తులో ఉండే కర్నూలు వాళ్ళు సెకండ్ హ్యాండు బండి చూడటానికి తోడు రమ్మన్నారు. 38,000 కిలోమీటర్లు, సింగిల్ ఓనర్, మెరిసిపోతోంది. డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ తేనెలా ఉంది, నిన్ననే మార్చామన్నారు. పాత బిల్లులు అడిగాను. మూడు దొరికాయి, మధ్యలో మూడేళ్ళకు ఏమీ లేవు. సగటు వేగం చూపించే స్క్రీనులోకి పోయి చూస్తే గంటకు 14. ప్లగ్గులు విప్పి కెమెరా దింపి పిస్టన్ అంచులు చూశాకే అడ్వాన్సు ఇస్తామని చెప్పమన్నాను. అమ్మేవాళ్ళు మొదట వద్దన్నారు, తర్వాత శనివారం విల్సన్ గార్డెన్‌కు తెస్తామని ఒప్పుకున్నారు.